ఎవరి పెట్టె వాళ్ళదే

మా వీధిలో కుర్రకారు ఈమధ్య మన దేశం ఎవరి పక్కన నిలబడాలో రోజూ తీర్పు చెబుతున్నారు. రష్యా దగ్గర నూనె కొనాలా, అమెరికా సుంకాలు పెంచితే మనం తగ్గాలా, చైనాతో మళ్ళీ మాటలు కలపాలా అన్నీ టీ చల్లారేలోపు తేల్చేస్తారు. మొన్న నేనూ ఒక మాట అనబోతే, గులాబీ తోటలో కొత్తగా ప్యాకింగ్ పనికి చేరిన ఒక అమ్మాయి నవ్వి, "పెద్దమ్మా, నువ్వు జీవితమంతా ముళ్ళు గీకినావు. ఇవన్నీ నీకేంటికి?" అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం రాలేదు. ముళ్ళు గీకే బల్ల దగ్గరే నాకు ఈ విషయం కొంత తెలిసింది మరి. ఆ సంగతి ఆ అమ్మాయికి చెబుతూ కూర్చుంటే బస్సు పోతుందని లేచి వెళ్ళిపోయింది. అందుకే రాసి పెడుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివినదాన్ని, రాయడానికి భయం లేదు. ఆపడమే నాకు చేతకాదు.

తమిళనాడు, కర్ణాటక కలిసే చోట ఉన్న మా హోసూరు చలి గులాబీకి బాగా పడుతుంది. మా తోటలో ప్లాస్టిక్ కప్పుల కింద బారులు బారులుగా చెట్లు. కోసిన పూలు బకెట్లలో ప్యాక్‌హౌస్‌కు వస్తాయి. అక్కడ మేము ముళ్ళు, అడుగు ఆకులు తీసి, కాడ పొడవును బట్టి వేరు చేసి, కట్టలు కట్టి, అట్టపెట్టెల్లో పేర్చి కోల్డ్ రూమ్‌లో పెడతాం. అక్కడి నుంచి చల్లటి వ్యాను వాటిని సరిహద్దు ఊరు జూజువాడి దాటించి బెంగళూరు విమానాశ్రయానికి తీసుకుపోతుంది. నేను పూలు కోసే కూలీగా చేరి, ఆ ప్యాక్‌హౌస్ సూపర్‌వైజరుగా బయటికి వచ్చాను. కోల్డ్ రూమ్ తాళం చివరి దాకా నా నడుముకే ఉండేది. ఇంట్లో బీరువా తాళం ఎక్కడుందో మాత్రం ఎప్పుడూ వెతుక్కునేదాన్ని.

ఏ దేశం లేచిందో, ఏ దేశం కూర్చుందో మాకు ముందుగా చెప్పేది టీవీ కాదు, పెట్టెల మీది చీటీ. నేను చేరిన కొత్తలో అన్ని పెట్టెలూ హాలెండుకే. తర్వాత జపాన్ చీటీలు వచ్చాయి. అవి తగ్గి గల్ఫ్ చీటీలు పెరిగాయి. సింగపూరు వచ్చింది, ఆస్ట్రేలియా వచ్చింది. ఆ తర్వాత మాస్కో, కీవ్ అనే రెండు కొత్త పేర్లు వచ్చాయి. మ్యాపులో ఎక్కడున్నాయో మాకు తెలియదు. ఆ రెండూ పెద్ద కాడ, పెద్ద మొగ్గ అడుగుతాయని మాత్రం తెలుసు.

ప్రేమికుల రోజు పూలు పోయాక మేము కాస్త నడుము వాల్చే రోజుల్లో ఈ రెండు ఊళ్ళ పని మొదలయ్యేది. మార్చి ఎనిమిది అక్కడ పెద్ద పండుగట. మగవాళ్ళు తల్లికి, భార్యకు, చదువు చెప్పిన పంతులమ్మకు పువ్వు ఇవ్వాలట. మా ఆడవాళ్ళు ఆ సంగతి విని బల్ల మీద పడి నవ్వారు. "మా ఇంటాయన పువ్వు తెస్తే ఎవరింట్లో దొంగిలించినాడో కనుక్కోవాల" అంది ఒకామె. ఎన్నో ఏళ్ళు ఆ ఆడవాళ్ళ దినానికి పూలు పంపాము. మా చేతికి ఒక్కటీ రాలేదు, మేము అడగనూ లేదు.

ఇక్కడ మా ప్యాక్‌హౌస్ పద్ధతి ఒకటి చెప్పాలి, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. పెట్టె మీద కొన్నవాళ్ళ చీటీ అంటించాక ఆ పెట్టె మాది కాదు. పక్క ఆర్డరులో ఒక్క పువ్వు తక్కువపడినా, చీటీ అంటిన పెట్టె మూత తెరవకూడదు. నాకు పని నేర్పిన ముసలామె ఈ మాట మొదటి రోజే చెప్పింది. నేను నా కింద చేరిన ప్రతి అమ్మాయికీ చెప్పాను, చెప్పినట్టు చెయ్యకపోతే వేళ్ళ మీద ఒకటి వేశాను కూడా.

బల్ల దగ్గర నాకు ఎదురుగా నిలబడేది ఒకామె. నాకంటే చిన్నది, చెల్లీ అని పిలిచేదాన్ని. ఇక్కడా చెల్లి అనే అంటాను. నేను గట్టిగా అరిచే మనిషిని, ఆమె అరవదు. మొగ్గను రెండు వేళ్ళతో తాకి ఇది ఎన్ని రోజులు ఆగుతుందో చెప్పేది. ఆమె భర్తకు జూజువాడిలో చెక్‌పోస్టు దగ్గర చిన్న టీ అంగడి. వాళ్ళకు ఒక్కతే కూతురు. బాగా చదివేది, డాక్టరు కావాలంది. ఇక్కడ సీటు అందలేదు. హైవే పక్కన ఉన్న కాస్త భూమి అమ్మి పాపను ఉక్రెయిన్‌కు పంపారు. పాప చదివే ఊరు రష్యా సరిహద్దుకు దగ్గర. చెల్లికి ఆ ఊరి పేరు నోరు తిరిగేది కాదు. "మన పెట్టెలు పోయే దేశమే కదా అక్కా, దూరమేముంది" అనేది.

మాస్కోలో మా పూలు కొనేది ఒక ఆమె. ఒక ఏడు తోట చూడడానికి వచ్చి, మేనేజరు గదిలో పెట్టిన కుర్చీ వదిలేసి మా బల్ల దగ్గర కూర్చుని మా సంగటి తిన్నది. ఊరిబిండి పచ్చడి కారానికి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఆపలేదు. చెల్లి ఆమెకు కనకాంబరాలు కట్టి తలలో పెట్టింది. కీవ్‌లో కొనేది ఒక ఆయన. ఆయన ఎప్పుడూ రాలేదు కానీ ప్రతి ఏడూ పూలు చేరాక తన అంగడి వీడియో పంపేవాడు. అద్దాల వెనక మా పూలు చూసి "ఇది నా కట్ట, ఇది నీ కట్ట" అని మేము వాదులాడుకునేవాళ్ళం.

ఆ ఏడు రెండు ఊళ్ళ పెట్టెలూ కట్టి, చీటీలు అంటించి, కోల్డ్ రూమ్‌లో పక్కపక్కనే పేర్చాము. ఎడమ పక్క మాస్కో, కుడి పక్క కీవ్. మధ్యలో మనిషి నడిచేంత సందు. మరుసటి పొద్దున పనికి వచ్చేసరికి యుద్ధం మొదలైందన్నారు.

చెల్లి ఫోను బల్ల మీదే మోగింది. స్పీకరు పెట్టమన్నాను. "అమ్మా, శబ్దాలు వస్తా ఉండాయి. మమ్మల్ని కింద రైలు స్టేషన్‌లోకి పంపినారు. నువ్వు టీవీ చూడొద్దు" అంది పాప. చెల్లి "తిన్నావా?" అని అడిగింది. ఆ సమయంలో ఇంకేమీ అడగాలని తోచలేదేమో. "తిన్నానమ్మా" అంది పాప. తినలేదని మా అందరికీ తెలిసిపోయింది. పాప గొంతు ఎప్పుడూ అంత మెల్లగా ఉండదు.

మా మేనేజరు బర్గూరులో కాలేజీ చదివి వచ్చిన కుర్రవాడు. మంచివాడే, తొందర ఎక్కువ. చెల్లికి సెలవిచ్చి ఇంటికి పంపాడు. మంచి చేద్దామనే పంపాడు, కానీ అంతకంటే పెద్ద పొరపాటు లేదు. ఇంట్లో ఆమె చేతికి పని లేదు, కంటికి టీవీ ఉంది. మూడో రోజుకు మనిషి సగమైంది.

ఆ రోజుల్లోనే ఐక్యరాజ్య సమితిలో ఓటు పెట్టారు. మన దేశం ఎవరి పక్కా చెయ్యి ఎత్తలేదని మధ్యాహ్నం సంగటి ముద్దల దగ్గర ఒక అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది. నేను తింటున్న ముద్ద పక్కన పెట్టేశాను. "మన పిల్లల నెత్తిన బాంబులు పడతా ఉంటే వీళ్ళది గోడ మీద పిల్లి వాటమా? చెయ్యి ఎత్తని చేతులు ఏంటికి?" అని అరిచాను. అమ్మాయిలందరూ నా పక్కే. చెయ్యి కడుక్కోకుండానే తీర్మానం చేశాము. మాస్కో పెట్టెలు కదలకూడదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోను పట్టుకుని వచ్చాడు. కీవ్‌కు విమానం లేదు. మాస్కోకు గల్ఫ్ మీదుగా ఇంకా దారి ఉంది. యూరప్ నుంచి అక్కడికి పూలు ఆగిపోయాయి కాబట్టి మాస్కో ఆమె ఎన్ని ఉంటే అన్ని పంపమంటోంది.

"అక్కా, ఒకే రకం పువ్వు కదా. కీవ్ పెట్టెల చీటీలు పీకి మాస్కో చీటీలు అంటిద్దాం. లేకుంటే కుళ్ళిపోతాయి" అన్నాడు.

ఒక అమ్మాయి చేతి తొడుగులు తీసి బల్ల మీద కొట్టింది. "మేము ఒక్క పెట్టె కూడా ఎత్తము సార్. పాప ఆడ నేల కింద దాక్కోని ఉంటే, వాళ్ళకు పండక్కి పూలు మనం పంపాలనా?"

"మీరు పంపకుంటే యుద్ధం ఆగిపోతుందా?" అన్నాడు మేనేజరు.

"ఆగదు. మా చేతులైనా ఆగుతాయి" అన్నాను నేను. తాళం నా నడుముకు ఉందని గుర్తొచ్చి కొంగు దోపుకున్నాను. ఇంకొన్ని నెలల్లో రిటైరవుతానని గుర్తున్నా, ఆ కోపంలో లెక్క చెయ్యలేదు.

ఆ రగడ మధ్యలో తలుపు దగ్గర చెల్లి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. సెలవు రోజున పని చీర కట్టుకుని వచ్చింది. "ఇంట్లో ఉండలేనక్కా. ఈడైతే చేతులన్నా కదులుతాయి" అంది. నేరుగా కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆమే మొదలుపెట్టింది.

"మాస్కో పెట్టెలు పోనీయండి" అంది.

నేను విన్నది నమ్మలేదు. "నీకేమన్నా మతి పోయిందా చెల్లీ?"

"ఆమె ఈడ కూర్చోని మన చేతి ముద్ద తినింది అక్కా. ఆమె బాంబు వెయ్యలేదు. నిన్న ఆమె సార్‌కు మెసేజి పెట్టింది, నా బిడ్డ ఎట్ల ఉండాదని. సార్ నాకు ఫోను చేసి చెప్పినాడు." మేనేజరు తల ఊపాడు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు ఆ మొద్దు.

"మరి మనోళ్ళు చెయ్యి ఎత్తకుండా గోడ మీద కూర్చున్నారే, అది నీకు సరిగా ఉండాదా?" అన్నాను.

చెల్లి బకెట్‌లోంచి ఒక కాడ తీసుకుంది. "నాకు తెలీదక్కా. చెయ్యి ఎత్తింటే నా కడుపు చల్లబడేదేమో. అయితే పాపను ఆడ నుంచి బయటికి తేవాలంటే, ఈ పక్కోళ్ళూ దారి ఇయ్యాల, ఆ పక్కోళ్ళూ దారి ఇయ్యాల. ఇద్దరికీ ఫోను చేసే మనిషి ఒకడుండాల కదా. పిల్లి గోడ మీద ఉంటేనే రెండిండ్లూ కనిపించేది."

చేతి తొడుగులు కొట్టిన అమ్మాయి వాటిని మళ్ళీ తొడుక్కుంది. మేనేజరు ముఖం వికసించింది. "అదే నేనూ చెప్పేది. అట్లయితే కీవ్ పెట్టెలు కూడా..."

"అవి కదలకూడదు" అంది చెల్లి. అరవలేదు, కానీ మేనేజరు వాక్యం మధ్యలోనే ఆగిపోయాడు.

అప్పుడు చెప్పింది ఆమె, తన భర్త టీ అంగడి సంగతి. కావేరి నీళ్ళ గొడవ వచ్చినప్పుడల్లా జూజువాడి దగ్గర లారీలు రెండు పక్కలా ఆగిపోతాయి. మీరూ చూసే ఉంటారు. మనలో చాలామందికి తమిళం పక్క ఒక అత్తగారిల్లు, కన్నడం పక్క ఒక మేనమామ ఇల్లు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ వచ్చి "నువ్వు ఏ పక్క?" అని అంగడి ముందు నిలబడేవాళ్ళట. "నీళ్ళు ఎవరివో నాకు తెలీదప్పా, టీ మాత్రం నాది. తాగుతావా?" అనేవాడట ఆయన. దానికి రెండు పక్కలా తిట్లు తిన్నాడు. బన్నులు పెట్టే గాజు సీసా ఒకసారి రాయికి పగిలింది. అంగడి మాత్రం ముయ్యలేదు.

"ఒగసారి కర్ణాటక లారీ ఆయన టమాటా పెట్టెలు మా అంగట్లో వదిలి, నడిచి ఇంటికి పోయినాడు. ఎండకు మెత్తబడతా ఉంటే ఈ పక్క హోటలాయన వచ్చి అమ్మేయమన్నాడు. మా ఇంటాయన అమ్మలేదు. కుళ్ళితే ఆయనవే కుళ్ళుతాయి, నావి కాదు కదా అన్నాడు. కడాకు ఆ లారీ ఆయనే ఫోను చేసి ఎవరికన్నా పంచేయప్పా అన్నాక పంచినాము. ఇద్దరికీ టీ పొయ్యడం వేరక్కా, ఒకరి పెట్టె తీసి ఇంకొకరికి ఇయ్యడం వేరు. కీవ్ ఆయన దేశంలో ఎవరో నా బిడ్డకు నీళ్ళిస్తా ఉండారు, జాగా ఇస్తా ఉండారు. ఆయన పూలు ఆయన శత్రువుకు అమ్మి నేను ఇంటికి ఎట్ల పోయేది? చీటీ అంటించినాక పెట్టె మనది కాదని నాకు చెప్పింది నువ్వే కదా."

నేను నేర్పిన పాఠమే ఆమె నా ముందు పెట్టింది. అంత కోపంలోనూ నేను మాస్కో పెట్టెలు ఆపాలనే చూశాను కానీ, కీవ్ పెట్టెలు ఎవరివో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మేనేజరుతో, "సారూ, చీటీ పీకాలంటే వేరే సూపర్‌వైజరును చూసుకో. ముందు ఆ కీవ్ ఆయన్ని అడుగు. ఆయన ఏం చెప్తే అది" అన్నాను.

ఆ కుర్రవాడు ఓనరుతో మాట్లాడడానికి బయటికి పోయాడు. గోడ అవతల అతని గొంతు పెరగడం, తగ్గడం మాకు వినిపించింది. తిరిగి వచ్చి, "పువ్వు ఆగినంత కాలం ఆగమన్నాడు. తర్వాత నేను జవాబు చెప్పాల" అన్నాడు. మా కోసం మాటలు పడ్డాడని ముఖం చూస్తే తెలిసింది. అంతవరకు ఆ పిల్లవాణ్ణి నేను చాలా సతాయించాను. ఆ రోజు నుంచి తగ్గించాను, పూర్తిగా మానలేదు.

మాస్కో పెట్టెలు వ్యాను ఎక్కాయి. చెల్లి స్వయంగా ఎత్తింది. చేతి తొడుగులు కొట్టిన అమ్మాయి రెండో కొస పట్టుకుంది.

తర్వాత రెండు ఫోన్లూ మూగబోయాయి. కీవ్ ఆయన జవాబివ్వలేదు. పాప ఫోను కలవలేదు. వెంటనే ఊరు విడిచి నడిచైనా వెళ్ళిపొమ్మని మన పిల్లలకు చెప్పారని టీవీలో విన్నాము. రెండు దేశాల పెద్దలతోనూ మనవాళ్ళు ఫోనులో మాట్లాడారని కూడా చెప్పారు. ఆ వార్త వచ్చినప్పుడు చెల్లి నా వైపు చూడలేదు. నేనే చూశాను. ఎవరిని తిట్టానో వాళ్ళ మాటల మీదే మా పాప ప్రాణం వేలాడుతోంది.

రోజూ కోల్డ్ రూమ్ తలుపు తెరిచినప్పుడల్లా చెల్లి కుడి పక్క పెట్టెల దగ్గరికి పోయి, పక్క చిల్లుల్లోంచి మొగ్గను చూసి, "ఆగింది" అనేది. ఇంకేమీ అనేది కాదు. నేను పైకి చెప్పలేదు కానీ ఆ పూలు ఆగినన్నాళ్ళూ పాపకేమీ కాదని నాకు నేనే ఒక నమ్మకం కట్టుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే పిచ్చిగా ఉంది. అప్పుడు అదే నాకు ఆధారం.

ఒక మధ్యాహ్నం కట్టలు కడుతుండగా ఫోను మోగింది. చెల్లి చేతి తొడుగులు తీసేలోపు నేనే ఎత్తాను.

"పెద్దమ్మా, అమ్మ యాడ? రైలెక్కినాను. పడమటి పక్కకు పోతా ఉండాము. తలుపు తావ తొక్కులాటలో నేను కింద పడిపోయింటే, ఒక ముసలామె చెయ్యి పట్టి పైకి లాగింది. ఆమె మాత్రం ఎక్కలేదు. ఆమె కొడుకు ఆడే ఉన్నాడంట."

చెల్లి బల్ల కింద నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గులాబీలు బల్ల మీద నీళ్ళు లేకుండా పడి ఉన్నాయి, ఆ రోజు నేను ఎవరి మీదా అరవలేదు.

పాప సరిహద్దు దాటింది, మన విమానం ఎక్కింది, ఢిల్లీలో దిగింది. బెంగళూరుకు వచ్చే విమానం మార్చి ఎనిమిదో తేదీ పొద్దున అన్నారు. ఆ రోజు మా వ్యాను గల్ఫ్ పెట్టెలు దించడానికి ఎటూ విమానాశ్రయానికి పోతోంది. చెల్లి ముందు సీట్లో ఎక్కింది. కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి పక్క నుంచి వచ్చే ఒకామె ఆ ఏటి చివరి అనపకాయలు అక్కడి సంతలో వెతికి తెచ్చి, పాపకు పితికిపప్పు చెయ్యమని నా చేతిలో పెట్టింది. కాలం అయిపోయిన కాయలు, సగం పుచ్చులే. బల్ల దగ్గరే కూర్చుని ఒక్కొక్కటీ ఏరి, గింజలు పితికి పొయ్యి మీద పెట్టాము.

వ్యాను వెళ్ళిన కాసేపటికి మేనేజరు ఫోను చూస్తూ వచ్చాడు. కీవ్ ఆయన జవాబు వచ్చింది. అతను చదివి తెలుగులో చెప్పాడు. "నేను బతికే ఉన్నాను. అంగడి మూసి ఉంది. నా పూలు ఎవరికీ అమ్మకుండా ఉంచారని తెలిసి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అవి ఎనిమిదో తేదీ కోసం కోసిన పూలు. ఎనిమిదో తేదీ ఆడవాళ్ళ చేతికే పోవాలి. వాటిని కట్టిన ఆడవాళ్ళకు ఇవ్వండి."

తాళం తీసి కుడి పక్క పెట్టెలు బయటికి తెచ్చాను. కొన్ని రేకులు నల్లబడ్డాయి, ఎక్కువ భాగం బాగున్నాయి. కట్టలు పంచాక ఒక చిత్రం జరిగింది. ఆ కాడల పొడవు కోసం మేము ఎంత తంటాలు పడతామో మీకు తెలుసు. కాడ కురచైతే ఆర్డరు తప్పుతుంది, సూపర్‌వైజరుకు చీవాట్లు. మా ఆడవాళ్ళు అంత పొడుగు కాడలనూ చిటుక్కు చిటుక్కున తుంచి పారేసి, మొగ్గలను జడలో పెట్టుకున్నారు. పువ్వును నీళ్ళ సీసాలో పెట్టి చూసే అలవాటు మా ఇళ్ళల్లో ఎవరికుంది? నా ప్రాణం ఉసూరుమంది. "ఎక్స్‌పోర్టు కాడ కదే, కొంచెం చూసి తుంచండి" అని అన్నాను కూడా. తర్వాత నేనూ తుంచాను.

వ్యాను తిరిగొచ్చేసరికి ప్యాక్‌హౌస్ అంతా తలల్లో ఎర్ర గులాబీలు. జూజువాడిలో అంగడి దగ్గర నాన్నను చూసి వచ్చారట, తల్లీకూతుళ్ళ ముఖాలు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. పాప చిక్కిపోయింది. కాలి బూటు ఒకటి వేరే ఎవరిదో. మమ్మల్ని చూసి మొదట నవ్వింది. ఆ పూలు ఎక్కడివో నేను చెప్పగానే నవ్వు ఆగిపోయింది. "ఈ పొద్దు మా కాలేజీ మేడమ్‌కు మేము పువ్వు ఇచ్చే దినం పెద్దమ్మా. ఆమె ఆడే ఉండాది. మమ్మల్ని పంపించి, తను రాలేదు" అంది. చెల్లి ఒక మొగ్గ తుంచి పాప జడలో పెట్టింది. నేను పితికిపప్పు, సంగటి ముందు పెట్టాను. పాప తింది. ఈసారి నిజంగా తింది.

తిన్నాక మమ్మల్నందరినీ వరసగా గోడ వైపు తిప్పి నిలబెట్టి, జడలు కనబడేలా వెనక నుంచి ఫోటో తీసింది. దాని కింద ఆ దేశం భాషలో తనే రెండు మాటలు రాసి మేనేజరు ఫోను నుంచి కీవ్ ఆయనకు పంపింది. ఏం రాశావని అడిగితే, "థ్యాంక్స్ అని రాసినాను, మేడమ్ ఊరి పేరు రాసినాను" అంది.

నేను ఆ వర్షాకాలంలో రిటైరయ్యాను. పాప చదువు ఇంకో దేశంలో పూర్తి చేసుకుని, ఇప్పుడు కృష్ణగిరిలో ఒక ఆస్పత్రిలో ట్రైనింగులో ఉంది. వాళ్ళ మేడమ్‌తో ఇప్పటికీ మాట్లాడుతుంది. యుద్ధం ఎవరిది తప్పు అంటే నేను ఈ రోజుకీ గట్టిగానే చెబుతాను. మౌనం అన్నిసార్లూ మంచిదని కూడా అనను. కానీ ఇద్దరితోనూ మాట్లాడిన నా దేశానికి, పేరు తెలియని ఆ ముసలామెకు, సంగటి తిన్న రుణం మరువని మాస్కో ఆమెకు, ఓనరుతో మాటలు పడిన మా మేనేజరుకు నా మనసులో ఒక దండం ఎప్పుడూ ఉంటుంది. ఇంత మందికి బాకీ పడి హాయిగా ఉన్నది నేను ఒక్కదాన్నేనేమో.

నేను రిటైరైన తర్వాతి ఏడు ఫిబ్రవరిలో మేనేజరు ఫోను చేసి, "అక్కా, ఒగసారి వచ్చిపో" అన్నాడు. కీవ్ ఆయన దగ్గర నుంచి ఆర్డరు వచ్చిందట. పక్క దేశం దాకా విమానంలో, అక్కడి నుంచి లారీలో. మునుపటిలా కాదు, చిన్న ఆర్డరు. దానితో పాటు ఒక మాట రాశాడు. మా ఫోటోను అంగడి తెరిచిన రోజున గోడకు అంటించాడట. ఈసారి పొడుగు కాడలతో పాటు కొన్ని పొట్టి కాడలు కూడా పంపమన్నాడు, తన భార్యా, అంగట్లో పనిచేసే ఆడవాళ్ళూ జడల్లో పెట్టుకుంటామంటున్నారట.

నేను పోయి చెల్లికి ఎదురుగా నా పాత చోట నిలబడి కట్టలు కట్టాను. వేళ్ళు మునుపంత చురుగ్గా లేవు, ముల్లు రెండుసార్లు గుచ్చుకుంది. పొట్టి కాడలు నా చేత్తో నేనే ఏరి పెట్టాను, ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి. మూత వేశాక చెల్లి చీటీ తీసి అంటించింది. అంచులు లేవకుండా అరచేత్తో గట్టిగా అదిమింది.

"ఇంగ ఇది మనది కాదక్కా" అంది.